ఇసకలో ఆగే సైకిలు

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. బాతుగుడ్లు రెండు వందల ఎనిమిది. వెదురు గంప ఒకటి. అడుగు బాగానే ఉంది, అంచు విడిపోయింది, కాబట్టి అర గంప అనుకోవచ్చు. గుడ్ల మధ్య సర్దిన ఊక. దీనికి ఎవరూ వెల కట్టలేదు. నా ఎడమకాలి చెప్పు; అది కాలువలో పడి మద్రాసు వైపు పోయింది. కుడికాలిది మిగిలింది గాని, ఒక్క చెప్పుతో చేసే పనేమీ లేదు గనక దాన్ని కూడా పోయినవాటిలోనే వేశాను. సైకిలు గంట మూత. నా పైపళ్ళలో ఒకదాని సగం. ఆ తరువాత ఒకదాని వెంట ఒకటిగా అమ్మిన బాతులు ఇరవై ఒకటి. అమ్మ పుచ్చుకోలేకపోయిన ప్రభువు బల్లలు మూడు. సైకిళ్ళు బాగుచేసే మోషే పుచ్చుకోలేకపోయినవి కూడా మూడే. రెండు పక్షాలకూ సమానం గనక వీటిని కొట్టేయవచ్చని నేనన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపుతో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ లెక్క మళ్ళీ విప్పడానికి కారణం, మోషే పోయిన నెల చనిపోవడమే. నేనిప్పుడు కొడవలూరులో ఒక బియ్యం మిల్లులో లెక్కలు చూస్తున్నాను. మోషే భార్య మార్తమ్మ కబురు పంపితే రెండు బస్సులు మారి మా పాలేనికి వెళ్ళాను. సమాధి దగ్గర నిలబడి కీర్తన పాడుతుంటే నా కళ్ళు శ్మశానం గోడ దాటి కాలువ మీదికి పోయాయి. అక్కడ ఉండాల్సిన వంతెన లేదు. అది లేదని నాకు ఎప్పుడో తెలుసు. అయినా చూశాను.

మా పాలెం సముద్రానికీ కాలువకీ మధ్య ఉన్న ఇసక మీద ఉండేది. కాలువకు పడమట వరిపొలాలు, తూర్పున సరుగుడు తోటలు, వాటికవతల సముద్రం. నాయన పడవల మీద కట్టెలు వేసుకుని మద్రాసు పోయేవాడు. నాకు ఊహ తెలిసేనాటికే జ్వరం వచ్చి పోయాడు. పడవలో ఆయన వాటా అమ్మగా వచ్చిన డబ్బుతో అమ్మ ఒక పాత సైకిలు, ముప్పై బాతులు కొన్నది. అందరూ ఆమెను పిచ్చిదన్నారు. సైకిలు తొక్కాల్సినవాడికి, అంటే నాకు, అప్పటికి తొక్కడం రాదు. తరువాత వచ్చింది. ఈ గొడవ జరిగేనాటికి నాకు పద్దెనిమిదో పంతొమ్మిదో, ఏడాదికి పైగా వారానికి రెండుసార్లు నెల్లూరు పోయివస్తున్నాను.

బాతులు తెల్లవారకముందే గుడ్లు పెడతాయి. అందుకని ఎండ పొడిచేదాకా వాటిని గూట్లో నుంచి వదిలేవాళ్ళం కాదు. ముందే వదిలితే కాలువలో ఎక్కడో పెట్టి వస్తాయి. లోపల అవి చేసే గోలకి మేం నిద్ర లేచేవాళ్ళం. మా నాయన తల్లి, మా జేజి, గూటి తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చునేది. తడి ఊక వాసన, బాతుల వాసన, సరుగుడు ఆకుతో పొయ్యి ముట్టిస్తే వచ్చే పొగ వాసన, ఈ మూడూ కలిసి మా ఇంటి వాసన. ఇప్పటికీ మిల్లులో వాన పడ్డాక ఊక గుట్ట పక్కన నడిస్తే అందులో మూడో వంతు నాకు దొరుకుతుంది.

జేజి ఒక్కొక్క గుడ్డునీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. అనుమానం వస్తే నీళ్ళకుండలో వేసేది. తేలితే పక్కకు. తరువాత లెక్క. మొదటి గుడ్డును జేజి ఎప్పుడూ ఒకటి అనలేదు. ధాన్యం కొలిచేవాళ్ళలాగా “లాభం” అనేది. లాభం, రెండు, మూడు, అలా. నేను బడికి పోయింది అయిదో తరగతి దాకానే. ఎక్కాలు, వడ్డీలు, వాటాలు, మిగతావన్నీ ఆ గూటి దగ్గర పీట పక్కన వచ్చినవే. మిల్లులో ఇప్పటికీ మూటలు లెక్కపెట్టేటప్పుడు నోట్లో మొదట లాభమే వస్తుంది. కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, మూట తేడా రాదు.

మా బాతుల గుడ్లు చాలవు గనక అమ్మ పాలెంలో ఇంకో పదకొండు ఇళ్ళ నుంచి అరువుకి తెచ్చేది. అమ్మిన డబ్బు శనివారం సాయంత్రం పంచేది. ఎవరి గుడ్ల మీద వాళ్ళ ఇంటి బొగ్గుచుక్క ఉండేది. నెల్లూరులో పెద్ద ఆసుపత్రి వంటశాలకి బుధవారం రెండు వందలు, శనివారం రెండు వందలు మా వాడిక. నూటికి నాలుగు కొసరు. కొసరుకి డబ్బులుండవు. దారిలో ఒకటీ అరా చిట్లుతాయి, ఒకటీ అరా మురిగిపోతాయి, కొన్నవాడికి మనసులో దిగులు ఉండకూడదు, అందుకు కొసరు. కాబట్టి గంపలోకి ఎక్కేవి రెండు వందల ఎనిమిది. ఈ ఎనిమిది దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఇప్పుడు ఇసక సంగతి చెప్పాలి, అది తెలియకపోతే గొడవ అర్థం కాదు. పాలెంలో దారులన్నీ ఇసకే. సైకిలు తొక్కుతుంటే ఇసక ఎగిరి బ్రేకు రబ్బరుకీ చక్రం రిమ్ముకీ మధ్య దూరేది. రబ్బరు దగ్గరగా ఉంటే చక్రం పట్టేసేది, తొక్కలేక ప్రాణం పోయేది. అందుకని మా వైపు ఎవరైనా బ్రేకు కడ్డీలు వదులుగా పెట్టించుకునేవాళ్ళు. వదులుగా ఉంటే ఆగేదెట్లా అని పైవాళ్ళు అడుగుతారు. ఆపాల్సిన అవసరమే ఉండేది కాదు. మా ఊళ్ళో సైకిలు తొక్కడం మానేస్తే ఆగిపోతుంది. ఇసక ఆపుతుంది. పల్లమంటూ మా ప్రాంతం మొత్తానికి ఒక్కటే ఉండేది, కాలువ మీది వంతెన. కింద నుంచి కట్టెల పడవలు, ఉప్పు పడవలు పోవాలి గనక ఎవరో దొరలు దాన్ని బాతు మెడలాగా ఎత్తుగా కట్టి పెట్టారు. ఇటు నుంచి సైకిలు తోసుకుంటూ ఎక్కాలి. అటువైపు రాళ్ళు పరిచిన దారి నిటారుగా దిగి, కాలువ గట్టున ఎడమకి తిరిగి, తారురోడ్డు మీదికి పోయేది. పాలెంలో వాళ్ళకి ఆ వంతెన దాటి సైకిలు మీద పోయే పని పెద్దగా ఉండేది కాదు. నాకు ఉండేది.

మోషే కొట్టు పడవల రేవు పక్కన తాటాకు పాక. నాలుగు అద్దె సైకిళ్ళు, ఒక గాలిపంపు, పంచరు చూసే నీళ్ళ బొచ్చె, సొల్యూషను వాసన. నెల్లూరులో రెండేళ్ళు పని నేర్చుకున్నానని చెప్పేవాడు. ఏది బాగుచేసినా “ఇది నెల్లూరు పని” అనేవాడు. ఆదివారం గుడిలో చందా సంచి పట్టేదీ ఆయనే. అమ్మను అక్కా అని పిలిచేవాడు గనక నాకు మామ. చెడ్డవాడు కాదు, దొంగ కాదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే అమ్మ ఊరుకునేది కాదు.

ఆ మంగళవారం ముందు చక్రం బిగిసిపోయి బండి కదలకపోతే మోషే దగ్గరికి తోసుకెళ్ళాను. పాత రబ్బర్లు పీకి కొత్తవి వేశాడు. కడ్డీలు వదులు చేశాడు. తరువాత ఎక్కి కొట్టు ముందున్న ఇసకలో నాలుగు బారలు తొక్కి బ్రేకు నొక్కాడు.

“చూసినావా అబ్బయా, మేకు కొట్టినట్టు నిలబడిపాయ!”

నిజంగానే నిలబడింది. పన్నెండణాలు తీసుకున్నాడు. నయాపైసలు వచ్చి చాలాకాలమైనా మోషే లెక్క అణాల్లోనే ఉండేది.

మరునాడు బుధవారం తెల్లవారి గంప కట్టుకుని వంతెన ఎక్కాను. ఏడాదిగా పాత బ్రేకుతో దిగినట్టే, బ్రేకు మీద చెయ్యి వేసి నెమ్మదిగా దిగబోయాను. బ్రేకు నొక్కాను. పిడి మొత్తం పైకి వచ్చి హ్యాండిలుకి ఆనింది. చక్రానికి ఆ సంగతి తెలియలేదు. వెనక రెండు వందల ఎనిమిది గుడ్ల బరువు, కింద రాళ్ళు. ఎడమకి తిరగాల్సిన చోట సైకిలు తిరగకుండా నేరుగా పోయింది. నేను గట్టు మీద పడ్డాను, చెప్పు కాలువలో పడింది, గంప మాత్రం రాతిగోడకి తగిలి అక్కడే ఉంది. పడవవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను లేపారు. ఒకడు గంపలో చెయ్యి పెట్టి చూసి, “ఇంక దోసెలు పోసుకోవచ్చురా” అన్నాడు. తరువాత నా నోట్లో రక్తం చూసి, అన్నందుకు బాధపడ్డాడు.

అమ్మ గడప దగ్గరే ఎదురొచ్చింది. మొదట అడిగింది, “నీకేం కాలేదు గదా?” అని. పన్ను చూపించాను. రెండోది, “ఎన్ని మిగిలినాయి?” అని.

“ఏం మిగల్లేదుమా.”

ఆమె సైకిలు చుట్టూ తిరిగి, బ్రేకు పిడి నొక్కి చూసి, వదిలేసింది. “దీని మీద ఎవురూ చెయ్యి వెయ్యొద్దు. ఎట్టుండేది అట్టే ఉండాల” అంది. నా సొట్టపోయిన నోటితో సహా నన్ను వెంటపెట్టుకుని, సైకిలు తోయించుకుంటూ మోషే కొట్టుకి బయలుదేరింది.

“మోషే, నిన్న బ్రేకు వేసినావు.”

“వేసినా అక్కా. నెల్లూరు పని. అయ్యో, అబ్బయి మూతికి ఏమాయ?”

“ఆగలేదు.”

“ఆగలేదంటే ఎట్టక్కా? నీ కళ్ళ ముందర ఆపి చూపిస్తా.”

సైకిలు తీసుకుని ఇసకలో తొక్కాడు. నొక్కాడు. ఆగింది. తిప్పుకొచ్చి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ ఆగింది. రేవులో జనం పోగయ్యారు. వాళ్ళ కోసం ఇంకోసారి ఆపాడు.

“ఇంతకన్నా గట్టిగా ఆగాలంటే తాడేసి కట్టాల” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“అది నీ బ్రేకు ఆపిందా, ఇసక ఆపిందా?” అంది అమ్మ.

మోషే ఆ ప్రశ్న వైపు నిజాయితీగా చూశాడు. అర్థం కాలేదు. “ఆగింది గదా. ఎవురు ఆపితే ఏంది?”

“వంతెన మీద ఇసక లేదు మోషే.”

“అది నా తప్పా? వంతెన కట్టినోళ్ళని అడుగు. నా కొట్టు ఇసకలో ఉండాది, ఊరు ఇసకలో ఉండాది. ఊరంతా ఇట్టనే వేయించుకుంటారు. నీకొక్కదానికే ఆగలేదంటే నేనేం చేసేది?”

జనం తలలూపారు. కళ్ళతో చూసినదాన్ని కాదనడం కష్టం. అందులో చాలామంది తమ సైకిళ్ళు కూడా ఇసకలో అంతే చక్కగా ఆగుతాయని సాక్ష్యం చెప్పారు.

మా సంఘంలో ఇద్దరికి తగువు వస్తే కోర్టుకి పోయే అలవాటు లేదు. అయ్యగారి దగ్గరికి పోవాలి. మా పాస్టరు అయ్యగారు పొట్టిమనిషి, మెత్తనివాడు. ఎవరికీ నొప్పి కలగకూడదని ప్రతి మాటకీ ముందు దగ్గేవాడు. ఇద్దరి మాటా విని, గుడి ముందు ఇసకలో మోషే మరోసారి సైకిలు ఆపి చూపిస్తే చూసి, దగ్గి, “కరుణమ్మా, ఆగుతున్నట్టే ఉన్నది గదా” అన్నాడు.

“గుడి కూడా ఇసకలోనే ఉంది అయ్యగారూ.”

అయ్యగారు మళ్ళీ దగ్గాడు. తనకి తెలిసిన పద్ధతి చెప్పాడు. తగువు తెగేదాకా ఇద్దరూ బల్లకి దూరంగా ఉండాలి. నెలకొక ఆదివారం ప్రభురాత్రి భోజనం. రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షారసం చిన్న గ్లాసులు చాప వెంట చాప దాటుతూ వస్తాయి. మనసులో ఒకరి మీద కక్ష పెట్టుకుని వాటిని ముట్టుకోకూడదు. ఆ నెల పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చినప్పుడు అమ్మ తల వంచుకుంది, అది ఆమెను దాటి జేజి దగ్గరికి పోయింది. మగవాళ్ళ వైపు మోషే చందా సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. డబ్బు పట్టడానికి ఆయనకు అడ్డం లేదు, రొట్టెకి అడ్డం వచ్చింది. నాకది విచిత్రంగా ఉండేది, జేజికి ఉండేది కాదు.

రాత్రి అన్నాల దగ్గర జేజి అనేది: “రెండొందల గుడ్లకి నీ ఆత్మని చాప కింద పెట్టుకున్నావే.”

“నా గుడ్లు కాదత్తా. పదకొండు ఇళ్ళవి” అనేది అమ్మ.

అదీ అసలు సంగతి. శనివారం వచ్చేసరికి పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ డబ్బు కోసం వస్తారు. పగిలిన గుడ్ల మీద వాళ్ళ బొగ్గుచుక్కలు ఉన్నాయి గాని డబ్బు లేదు. అమ్మ వాళ్ళకి ఏమీ చెప్పుకోలేదు, బాతులు అమ్మడం మొదలుపెట్టింది. సైకిలు సాక్ష్యం గనక వసారాలో అట్లాగే నిలబెట్టి ఉంది. నేను గంప నెత్తిన పెట్టుకుని వంతెన దాకా నడిచి, తారురోడ్డు మీద బస్సు పట్టుకుని ఆసుపత్రికి పోయేవాణ్ణి. బస్సు టిక్కెట్టు, గంపకి వేరే టిక్కెట్టు, రెండూ పోగా మాకు మిగిలేది ఊక. బాతులు తగ్గితే గుడ్లు తగ్గాయి. గుడ్లు తగ్గితే వంటశాల పెద్ద, “బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒకాయన తెస్తానంటున్నాడబ్బాయ్, నువ్వు చూసుకో” అన్నాడు. మూడో నెల వచ్చేసరికి గూట్లో తొమ్మిది బాతులున్నాయి. ఆ తరువాత అమ్మాల్సింది సైకిలే. సైకిలు పోతే వాడిక పోతుంది, వాడిక పోతే నేను మిగతా కుర్రాళ్ళతో కలిసి శ్రీహరికోట అడవికి కట్టెలు కొట్టే కూలికి పోవాలి. అమ్మ ఆ మాట పైకి అనలేదు. కాని వసారాలో సైకిలు మీద దుమ్ము పడితే కొంగుతో తుడిచేది. బ్రేకు తగలకుండా.

మూడో బల్ల కూడా దాటిపోయిన ఆదివారం సాయంత్రం మోషే మా ఇంటికి వచ్చాడు. చేతులు కట్టుకుని వసారాలో నిలబడ్డాడు.

“అక్కా, బాతులు అమ్ముకుంటాండావని విన్నా. నాకు మనసు బాగలేదు. ఒక మాట చెప్తా. ఆ సైకిలు నాకిచ్చెయ్. అద్దెకి తిప్పుకుంటా. మంచి ధర ఇస్తా. నీకు అప్పు తీరిపోద్ది, మనిద్దరికీ బల్ల దొరుకుద్ది.”

నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. నేను లేవబోయాను. అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

“కొంటావా?”

“కొంటా.”

“బ్రేకు బాగుండాదా?”

“బేష్‌గా ఉండాది. నేను వేసిందే గదా.”

“అయితే బుధవారం తెల్లారి వంతెన కాడికి రా. నా గుడ్లు కట్టి ఇస్తా. ఎక్కి, సైకిలు మీదనే అటుపక్కకి దిగు. దిగినావంటే సైకిలు నీకు ఊరికే ఇస్తా, డబ్బులొద్దు. తప్పు నాదని అయ్యగారి ముందర ఒప్పుకుంటా.”

“గుడ్లెందుకక్కా? ఇసక మూట కట్టు.”

“మళ్ళా ఇసకా?” అంది అమ్మ.

ఆయన పోయాక నేనడిగాను, ఈ గంప కూడా పోతే ఏం చేస్తామని. “పోతే సైకిలు పోద్ది. పోకపోయినా పొయ్యేదే” అంది. లెక్క ప్రకారం అందులో తప్పేమీ కనిపించలేదు.

బుధవారం వంతెన దగ్గర అయ్యగారు, సంఘ పెద్దలు, పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు, జేజి, మార్తమ్మ, పడవవాళ్ళు. కట్టెల పడవ ఒకటి వంతెన కింద నుంచి పోకుండా ఆగి చూస్తున్నది. జేజి గంపలోకి గుడ్లు అందరి ముందూ లెక్కపెట్టింది. లాభం, రెండు, మూడు. రెండు వందల ఎనిమిది. తొమ్మిది బాతులవి ఎన్నో ఉండవు, చాలావరకు ఆ పదకొండు ఇళ్ళవే. వాళ్ళు మళ్ళీ అరువు ఇచ్చారు.

మోషే సైకిలు తోసుకుంటూ వంతెన ఎక్కాడు. నడినెత్తి మీదికి చేరి, సీటు మీద కూర్చుని, ఒక కాలు నేల మీద ఉంచాడు. కిందికి చూశాడు. మెడ తిప్పి గంప వైపు చూశాడు. బ్రేకు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వంగి కడ్డీల వైపు చూశాడు. ఇసకలో ఎన్నిసార్లు ఆపినా ఆ కడ్డీల వైపు ఆయన చూడలేదని నాకప్పుడు తట్టింది. చూడాల్సిన పని రాలేదు, బండి ఆగింది గదా. రాళ్ళ మీద ఎండ పడుతున్నది.

అప్పుడు మోషే సైకిలు దిగాడు. హ్యాండిలు ఒక చేత్తో, గంప ఒక చేత్తో పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి వాల్చి, అడుగులో అడుగు వేస్తూ నడిపించుకుంటూ దిగాడు. కిందికి వచ్చి సైకిలుకి స్టాండు వేశాడు. అమ్మ వంతెన దాటి అక్కడికి పోయేసరికి, “ఇదో అక్కా, ఒక్కటన్నా పగల్లేదు” అన్నాడు.

“సైకిలు దిగినావు.”

“గాలి జాస్తిగా ఉండాది.”

“దిగినావా లేదా?”

మోషే గంప వైపు చూసుకుంటూ, “దిగినా” అన్నాడు.

అయ్యగారు దగ్గకుండా, కీర్తన నంబరు చెప్పినట్టు చెప్పాడు: “దిగినాడు.”

తప్పు చేశానని మోషే ఆ రోజూ అనలేదు, తరువాతా అనలేదు. బ్రేకు ఇసకకి సరిగ్గానే వేశాననీ, వంతెన సంగతి తనకెవరూ చెప్పలేదనీ అన్నాడు. గుడ్లు ఇస్తానన్నాడు. ఆయనకి బాతులు లేవు. గుడ్లకి గుడ్లే ఇస్తాననీ, డబ్బు ఇస్తే డబ్బు తిన్నట్టు అవుతుందనీ పట్టుబట్టాడు. అక్కడే, వంతెన కింద, సంగతి తెగిపోయేది. ఎన్ని అన్న దగ్గర ఆగింది.

“రెండొందల ఎనిమిది” అంది అమ్మ.

“రెండొందలు” అన్నాడు మోషే.

“పగిలినవి రెండొందల ఎనిమిది.”

“పగిలినాయి, కాదన్లా. ఆసుపత్రోళ్ళు నీకు ఎన్నిటికి డబ్బులిచ్చేది? రెండొందలకి. ఎనిమిది నువ్వు ఊరికే ఇచ్చేవి. ఊరికే ఇచ్చేవి పోతే నీకు నష్టమెట్టా?”

“నేను ఆసుపత్రికి ఊరికే ఇస్తా. నీకు ఊరికే ఇచ్చినానా?”

“కొసరు పగిలేవాటికి గదక్కా ఇచ్చేది? అవి పగలడానికే ఉండాయి. పగిలినాయి. వాటి పని అవి చేసినాయి.”

నేను ఈ వాదం మీద ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. రెండు పక్కలా బరువు సమానంగా తూగుతుంది. అయ్యగారు కూడా చాలాసేపు ఆలోచించి, భయపడుతూ అడిగాడు: ఈ ఎనిమిదింటి కోసం మళ్ళీ ఇద్దరూ బల్లకి దూరమవుతారా అని.

“ఎనిమిది గుడ్లకి ప్రభువు బల్ల వదులుకునేదాన్ని కాదు అయ్యగారూ” అంది అమ్మ. “నాకు వాడి మీద ఏం లేదు. కానీ ఎనిమిది ఎనిమిదే.”

“నాకూ ఏం లేదు” అన్నాడు మోషే. “కానీ రెండొందలే.”

మరుసటి నెల ఇద్దరూ రొట్టె పుచ్చుకున్నారు. మోషే పన్నెండు బాతులు కొన్నాడు. మార్తమ్మ వాటిని తిట్టుకుంటూ మేపింది. వారం వారం గుడ్లు తెచ్చి జేజి ముందు పెడితే జేజి ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి తీసుకునేది. రెండు వందలు తీరేసరికి మార్తమ్మకి బాతుల మీద మమకారం కలిగింది. ఆ తరువాత మాకు అరువు ఇచ్చే ఇళ్ళు పన్నెండు అయ్యాయి. ఆసుపత్రి వాడిక నిలబడింది. నేను శ్రీహరికోట అడవికి పోలేదు.

మోషే పనిలో కూడా ఒక మార్పు వచ్చింది. ఎవరైనా బ్రేకు పనికి వస్తే, “ఇసకకా, వంతెనకా?” అని అడిగేవాడు. ఇసక బ్రేకు పన్నెండణాలు. వంతెన బ్రేకు పద్నాలుగు. వంతెన బ్రేకు అయితే కొట్టు మూసి, సైకిలు వంతెన దాకా తోసుకుపోయి, తానే ఎక్కి అటుపక్కకి దిగి చూసి ఇచ్చేవాడు. అమ్మ ప్రతిసారీ పద్నాలుగణాలూ ఇచ్చేది.

“తీసుకో. ఎనిమిది గుర్తుండాయి గదా?”

“గుర్తుండాయక్కా. ఇయ్యను.”

“ఇయ్యొద్దులే.”

ఇది వాళ్ళిద్దరి క్షేమసమాచారం. అమ్మ మంచాన పడ్డాక ఆయన చూడడానికి వచ్చి మంచం పక్కన కూర్చుని, “ఇయ్యనక్కా” అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ జబ్బులో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. పోయేముందు నాకు చెప్పింది, “ఇస్తే తీసుకో. ఇయ్యకపోతే అడగొద్దు. మర్చిపోవద్దు.”

ఇప్పుడు పాలెంలో ఇసక దారి లేదు, తారు వేశారు. పడవలు పోవడం మానేశాయి గనక ఎత్తు వంతెన అవసరం లేక పడగొట్టి, నేలకి సమానంగా సిమెంటు వంతెన వేశారు. ఆ వంతెన మీద సైకిలు తొక్కుతున్నవాడికి తను కాలువ దాటుతున్నట్టు కూడా తెలియదు. పల్లం పోయింది, ఇసక పోయింది, కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఎంత వేగంగా పోతున్నారంటే వాళ్ళని ఆపడానికి పంచాయతీ వాళ్ళు రోడ్డుకి అడ్డంగా దిబ్బలు పోశారు. పూర్వం ఊరంతా బ్రేకులా ఉండేది, ఇప్పుడు కొని వేయించుకోవాల్సి వచ్చింది. కట్టెలు కొట్టడానికి పోవాల్సిన శ్రీహరికోట నుంచి ఇప్పుడు రాకెట్లు లేస్తాయి, మా పాలెం నుంచి పొగ కనిపిస్తుంది. వాటిని ఆపి చూసేవాళ్ళు ఎవరో, ఎక్కడ ఆపి చూస్తారో నాకు తెలియదు.

సమాధి అయ్యాక మార్తమ్మత్త నన్ను భోజనానికి కూర్చోబెట్టింది. చాలా ముసలిదైపోయింది. పెరట్లో బాతుల గోల వినిపిస్తున్నది. ఆకు వేసి, అన్నం పెట్టి, నా ఎదురుగా పీట మీద కూర్చుంది.

“మీయమ్మ లెక్క ఒకటి ఉండిపాయ గదా నాయనా.”

“ఉండాది అత్తా.”

“మొన్న రాత్రి కూడా చెప్పినాడు. జాకోబు వస్తాడు, అడగడు, చూస్తాడు, ఇయ్యొద్దు అని.”

“నేను అడగలేదత్తా.”

“అడగలేదులే. చూస్తాండావు.”

నిజమే. అప్పటికే ఆకులో పప్పుచారు పక్కన ఉడికించిన బాతుగుడ్డు ఒకటి పెట్టి ఉంది. నేను దాని వైపే చూస్తున్నాను. ఒకటి తీస్తే ఏడు అని మనసులో అనుకుంటుండగానే మార్తమ్మత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇది కూడు. దాంట్లోకి రాదు.”

“తెలుసత్తా” అన్నాను. తిన్నాను. బాగుంది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకొంచెం అన్నం వడ్డించింది.

తిరుగు బస్సు సిమెంటు వంతెన దాటేటప్పుడు డ్రైవరు బ్రేకు వేయలేదు, వేయాల్సిన పనీ లేదు. నేను మాత్రం ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుని, జేజి చెప్పినట్టు, మొదటి నుంచి మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. సరిపోయింది. రావాల్సినవి ఎనిమిది గుడ్లు.